ఊపకుండా ఇచ్చిన బండి

మొన్న వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం, కొత్తగూడెంలో మా ఇంటి గేటు ముందు ఏనుగంత బండి వచ్చి ఆగింది. ముందు ఎత్తైన అద్దం, వెనక రెండు పక్కలా పెట్టెలు, దూరాలకూ వేగానికీ రెండింటికీ పనికొచ్చే రకం. హెల్మెట్ తీసిన కుర్రాడు జోయెల్, మా ప్రకాశం మామ మనవడు. ప్రకాశం మామ మా అమ్మకు సొంత తమ్ముడు. ఖమ్మంలో అతని రేకుల షెడ్డు ఇప్పుడు అద్దాల షాపు అయింది. జోయెల్ అందులో ఇలాంటి పెద్ద బండ్ల ఇంజన్లకు కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ బలం ఎక్కించే పని చేస్తాడు, ట్యూనింగ్ అంటారు దాన్ని. "పెద్దమ్మా, తాతకు సన్మానం పెట్టుకున్నం. జిల్లల మొదటి ట్యూనర్ మా తాతనే గదా. అప్పటి సంగతులు నీకే ఎరుక. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పాలె," అన్నాడు. మంచినీళ్ల గ్లాసు అతని చేతిలో పెట్టి, "వస్త బిడ్డా, తప్పకుండ వస్త" అన్నాను. అంత తేలిగ్గా ఒప్పుకుంటానని అతను అనుకున్నట్టు లేదు. మా రెండిళ్లకూ రాకపోకలు లేవని అతనికి తెలుసు కానీ, ఎందుకు లేవో ఎవరూ చెప్పలేదు. నాకు కరుణ అని పేరు పెట్టింది మా నాయనమ్మ. పేరుకూ మనిషికీ పొత్తు ఉండాలని ఎక్కడా రాసిలేదు.

అతను వెళ్లిపోయాక గేటు దగ్గరే కాసేపు నిలబడ్డాను. అంత పెద్ద బండి అంత జోరుగా పోయినా వెనక ఏ వాసనా మిగల్లేదు. మా కాలంలో బండి పోయిన సంగతి ముక్కుకు తెలిసేది. కారేపల్లిలో మా ఇంటికి ముందు భాగం నాన్న షెడ్డు, వెనక భాగం మేము. ఇల్లందు వైపు అడవి మొదలయ్యే దారి మా వాకిలి ముందునుంచే పోయేది. పొద్దున లేస్తే ముందు పెట్రోలు వాసన, తర్వాత అమ్మ వేసే జొన్నరొట్టెల వాసన, ఆ రెండింటి మీదా కూర్చుని పెత్తనం చేసేది నాయనమ్మ వండే ఆముదం వాసన. ఆమె గింజలు వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను పెద్ద కుండలో నీళ్లు పోసి ఉడికించేది. పైకి తేలిన నూనెను గరిటెతో మెల్లగా తీసి వేరే గిన్నెలో మళ్లీ పొయ్యి మీద పెట్టేది. చిటపటలు పూర్తిగా ఆగేదాకా దింపేది కాదు. "చప్పుడొస్తున్నదంటే ఇంక నీళ్లున్నట్టే," అనేది. ఆ ఆముదం మా తలలకు, పసిపిల్లల మాడుకు, అజీర్తికి, దీపానికి. అన్నింటికంటే మంచి భాగం, తేరుకున్నది, నాన్న బండ్లకు. "నా మనవరాలి జుట్టుకు లేకపాయె, ఇనుముకు పోస్తున్నడు వీడు," అని గొణిగేది కానీ, తీసి పక్కన పెట్టేది ముందు ఆయన సీసానే.

నాన్న పేరు దేవదానం. అప్పట్లో రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు ఉండే బండ్లు కొన్ని మా వైపు తిరిగేవి. ఖమ్మంలో పొద్దున బయల్దేరి భద్రాచలం దాటి అడవుల్లోకి పోయి, పొద్దుగూకేలోపు తిరిగి రావలసినవాళ్లు వాటిని కొనేవారు. కంపెనీ ఇచ్చిన బలం వాళ్లకు చాలేది కాదు. నాన్న సిలిండర్ విప్పి, లోపల గాలి వచ్చే దారినీ పొగ పోయే దారినీ ఆకురాయితో అరగదీసి వెడల్పు చేసేవారు. పైనుండే హెడ్డును అద్దం మీద పరిచిన ఉప్పుకాగితం మీద గుండ్రంగా రుద్ది పలచన చేసేవారు, లోపల ఒత్తిడి పెరగాలని. మరీ పలచనైతే ఇంజన్ కాలిపోతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు ఎక్కువ వదిలే పెద్ద జెట్ వేసేవారు. తర్వాత ఇల్లందు రోడ్డు మీద బండిని బిగించి తోలి, జోరు మీదుండగానే ఇంజన్ ఆపి, ప్లగ్గు విప్పి రంగు చూసేవారు. చింతగింజ రంగులో ఉంటే బాగున్నట్టు. తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువ, పిస్టన్ కాలుతుంది. నల్లగా ఉంటే ఎక్కువ. మా ఇంట్లో ఎప్పుడూ ఒక చింతగింజ నాన్న చొక్కా జేబులో ఉండేది, అమ్మ ఉతికేటప్పుడు తీసి గూట్లో పెట్టేది. అరగదీసే దారుల ఆకారం తప్పకుండా ఉండటానికి ఆయన నూనెడబ్బా రేకు కత్తిరించి కొలత ముక్క చేసుకున్నారు. దాని అంచులకు నునుపు పెట్టింది నేను. పెట్టి, ఒక మూలన మేకుతో చిన్న చేప బొమ్మ గీసుకున్నాను. నాకప్పుడు పదహారు నిండలేదు. సన్నటి వేళ్లు కదా అని లోపలి అంచులు రుద్దే పని నాకే ఇచ్చేవారు.

ఆముదం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా పగంతా దానిమీదే నిలబడి ఉంది. ఆ బండ్లకు ఇంజన్‌నూనె విడిగా ఉండదు, పెట్రోల్లోనే కలపాలి. మామూలు నూనె కలిపితే మామూలుగా నడుస్తుంది. బలం ఎక్కించిన ఇంజన్‌కు వేడి ఎక్కువ, ఆ వేడికి ఆముదం ఒక్కటే నిలిచేది. కానీ ఆముదానికి ఒక దుర్గుణం ఉంది. చలి తగిలితే పెట్రోలును విడిచి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. ట్యాంకు గొట్టమేమో అడుగునుంచి కాస్త పైకి ఉంటుంది, రిజర్వుకు కొంచెం మిగలాలని. అంటే దిగిన ఆముదం అడుగునే పడుకుంటుంది, ఇంజన్‌కు ఉత్త పెట్రోలు పోతుంది. అందుకని చలికాలం పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు, ట్యాంకును తొడకు ఆనించుకుని బండిని ఇటూ అటూ వంచి బాగా ఊపాలి. లోపల గలగల శబ్దం మారేదాకా ఊపాలి. "మందు సీసా మీద ఏమని ఉంటది? ఊపి తాగమని. ఇదీ గంతే," అనేవారు నాన్న. ఊపకుండా బండి చేతికివ్వడం అంటే మా షెడ్డులో ఎంగిలి పళ్లెంలో అన్నం పెట్టినట్టు.

ప్రకాశం మామ పని నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. కూడు, గుడ్డ, మంచం అన్నీ మావే. అమ్మకు తమ్ముడంటే ప్రాణం. కోడిగుడ్డు ఒక్కటే ఉంటే అది ఎవరి పళ్లెంలో పడుతుందో నాకు చూడకుండానే తెలిసేది. చెయ్యి మంచిదే, కాదనను. చెవి ఇంకా మంచిది, ఇంజన్ చప్పుడు విని తేడా చెప్పేవాడు. కానీ మనిషికి సోకు ఎక్కువ. జేబులో దువ్వెన, గోళ్లలో నల్ల మరక ఉండకూడదని నిమ్మచెక్కతో రుద్దుకోవడం, మెకానిక్ అని ఎవరైనా అంటే ముఖం చిట్లించడం. నాన్న అతన్ని ఒక్క మాట అనేవారు కాదు. రేకు కొలత ముక్క కూడా అతని చేతికే ఇచ్చి దాచమనేవారు. సాయంత్రం ప్రార్థనలో నాయనమ్మ పక్కన అతను కూర్చుని అందరికంటే పెద్దగా ఆమెన్ అనేవాడు.

ఆ చలికాలం వెంకటయ్య అనే కలప కాంట్రాక్టరు బండి మా షెడ్డుకు వచ్చింది. అతను మాటకారి, నాలుగూళ్లు తిరిగే మనిషి. అతని బండి బాగా నడిస్తే భద్రాచలం దాకా నాన్న పేరు పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎన్నడూ లేనంత జాగ్రత్తగా చేశారు నాన్న. ప్లగ్గు రంగు చూసి, జేబులోని చింతగింజ తీసి పక్కన పెట్టి, నన్ను పిలిచి చూపించారు. రెంటికీ తేడా లేదు. ఆయన నవ్వడం నాకు గుర్తున్న కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆ సాయంత్రమే ట్యాంకు నింపి ఆముదం కలిపి, మామతో, "పొద్దుగాల నేను డోర్నకల్ పోవాలె. కాంట్రాక్టరు వస్తడు. మంచిగ ఊపి ఇయ్యి," అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. "నాకు చెప్పాల్నా బావా," అన్నాడు మామ.

పొద్దున మంచు ఇంకా విడవలేదు. నేను వాకిట్లో వేపపుల్ల నములుతూ నిలబడ్డాను. ఆ రోజే మామ తిరుమలాయపాలెం పెళ్లిచూపులకు పోవాలి. పిల్ల తండ్రికి ఖమ్మంలో రోడ్డు పక్క స్థలం ఉందని, అల్లుడికి షాపు పెట్టిస్తాడని అమ్మ వారం నుంచి మురిసిపోతోంది. మామ కొత్త తెల్ల ప్యాంటు వేసుకుని, ఇస్త్రీ మడత చెడకుండా కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు. కాంట్రాక్టరు వచ్చాడు. మామ రెండు వేళ్లతో తాళంచెవి అందించాడు, అంతే. బండిని తాకనే లేదు. "మామా, ఊపలే," అని అరిచాను నేను. మామ నా వైపు తిరిగి, "నీకెందుకే, పండ్లు తోముకో," అన్నాడు. బండి పోయింది. అతను వంగి ప్యాంటు మీద దుమ్ము దులుపుకున్నాడు.

ఇల్లందు దాకా దారంతా మంచు కాబట్టి కాంట్రాక్టరు నెమ్మదిగానే పోయాడట. అది దాటి అడవిలో రోడ్డు బాగున్నచోట బిగించాడు. నూనె లేని పిస్టన్లు సిలిండర్లకు కరుచుకున్నాయి, వెనక చక్రం బిగుసుకుపోయింది, మనిషి ఎగిరి టేకుచెట్ల కింద పడ్డాడు. కాలు రెండుచోట్ల విరిగింది. బండిని లారీలో వేసుకొచ్చి మా వాకిట్లో దింపినప్పుడు నాన్న డోర్నకల్ నుంచి అప్పుడే వచ్చారు. నేరుగా బండి దగ్గరికి పోయారు. ట్యాంకు కొళాయిని రిజర్వుకు తిప్పి, గాజుసీసా పట్టారు. చిక్కటి ఆముదం, పసుపుపచ్చగా, తేనెలాగా దిగింది. నేను చూసింది అంతా చెప్పాను. ఆయన విన్నారు. సీసాను కంచె మొదట్లో వొంపేసి చేతులు కడుక్కున్నారు.

ఈలోపు మామ దవాఖానాకు పోయి వచ్చాడు. అక్కడ కాంట్రాక్టరు చుట్టూ చేరిన పదిమందికీ ఏం చెప్పాడో మాకు మర్నాటికే తెలిసింది. "బావ హెడ్డు ఎక్కువ గీకిండు. నేను వద్దంటనే ఉన్న. ఇనలే." ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేము పట్టాం, చేత్తో సీసా పట్టి మరీ పట్టాం, అయినా వదిలేశాం. నాన్న నిజం చెప్పడానికి కాంట్రాక్టరు దగ్గరికి బయల్దేరితే అమ్మ గడప మీద కూర్చుంది. "ఇంజన్ ఇయ్యాల పోతే రేపు చేసుకుంటవ్. పెండ్లి పోతే మళ్ళ రాదు. వాడి బతుకు వాకిట్ల ఉన్నది, నీ కాళ్లు మొక్కుత."  నాన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. "నాయినా, నువ్వు చెప్పకపోతే నేను చెప్త," అన్నాను. "నోరు మూస్కో బిడ్డా. సంబంధం కుదరనియ్యి," అన్నారు. ఆ పూట కూడా అమ్మ తమ్ముడికి గుడ్డు వేసి పెట్టింది. ఆ పళ్లెం తన్నాలని నాకు ఎంత ఉందో ఇప్పటికీ కుడికాలి బొటనవేలికి గుర్తుంది.

సంబంధం కుదిరింది, పెళ్లయింది, ఖమ్మంలో షాపు పడింది. నిజం చెప్పే రోజు మాత్రం రాలేదు. మామ పోతూ పోతూ రేకు కొలత ముక్క కూడా పట్టుకుపోయాడు. ఖమ్మంలో అతను ఆముదం బండ్లు తయారుచేసి పేరు తెచ్చుకుంటుంటే, ఇక్కడ "దేవదానం చేతుల పెడితే బండి కాలుతది" అనే మాట కల్లూరు దాకా పోయింది. ఒక్క బండి రావడం మానేస్తే పది మానేస్తాయి. నాన్న తర్వాత పొలాల్లో నీటి ఇంజన్లు బాగుచేశారు, సైకిళ్లకు పంక్చర్లు వేశారు. చొక్కా జేబులో చింతగింజ ఎప్పుడు మాయమైందో నేను గమనించలేదు. గూట్లో మాత్రం లేదు. కాంట్రాక్టరు కుంటుకుంటూ మా వాకిలి ముందు నుంచి పోతున్నప్పుడల్లా ఆయన తల దించుకుని ఏదో ఒక పనిముట్టు వెతుక్కునేవారు. తప్పు చేసినవాడు తల ఎత్తుకుని తిరిగితే, చెయ్యనివాడు తల దించుకోవడం చూస్తూ నేను పెద్దదాన్నయ్యాను. అందుకే సాయంత్రం ప్రార్థనలో మాకు కీడు చేసినవారిని క్షమించే మాట వచ్చినప్పుడు నేను పెదవులు బిగబట్టేదాన్ని. నాయనమ్మ చూసి తొడమీద గిల్లేది. ఇప్పటికీ ఆదివారం చర్చిలో ఆ ఒక్క మాట దగ్గర నా నోరు తెరుచుకోదు, దేవుడికి అలవాటైపోయి ఉంటుంది. నాన్న మీద కోపం లేదా అంటే ఉంది. కానీ ఆయన్ని సమాధిలో పెట్టేనాటికి కూడా ఆయన పేరు మీద ఆ కాలిన ఇంజన్ అలాగే ఉంది. నేను ఐటీఐలో ఫిట్టింగ్ నేర్పే ఉద్యోగం చేసి, వందల మంది పిల్లల చేత ఆకురాయి పట్టించాను. ప్రతి బ్యాచ్‌కీ ఆముదం కథ చెప్పాను. పేర్లు మాత్రం చెప్పలేదు. పేర్లు చెప్పాల్సిన చోటు అది కాదు.

సన్మానం రోజు ఖమ్మం షాపు చూసి, నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. జోయెల్ పెద్ద బండిని రోలర్ల మీద కట్టేసి నిలబడినచోటే తోలాడు. పక్కన ల్యాప్‌టాప్ మీద గీతలు లేచాయి. పెట్రోలు ఎంత, గాలి ఎంత, బలం ఎంత అన్నీ అందులోనే. వేలితో రెండు మీటలు నొక్కితే గీత కాస్త పైకి లేచింది. మా నాన్న ఒక జెట్ మార్చడానికి అరపూట కూర్చునేవారు. "తప్పు జరిగితే ఎట్ల తెలుస్తది బిడ్డా?" అని అడిగాను. "బండే రాసిపెట్టుకుంటది పెద్దమ్మా. ఎప్పుడు వేడెక్కింది, ఎప్పుడు నూనె తగ్గింది అన్నీ చెప్తది. మనం దాచలేం," అన్నాడు. ఆ రోజుల్లో ఇంజన్‌కు నోరు లేదు. నాన్నకు ఉండి కూడా లేదు. ఈ పిల్లల పనికి వాసన లేదు, చింతగింజ లేదు, గోళ్లలో మరక లేదు, అయినా నాకు చిన్నచూపు కలగలేదు. ఈ యంత్రం అప్పుడు మా వాకిట్లో ఉండి ఉంటే మా నాన్న తల ఎత్తుకుని చచ్చిపోయేవారు.

అప్పుడే గోడమీద బంగారు రంగు ఫ్రేములో రేకు ముక్క కనిపించింది. కింద 'తాతగారి మొదటి టెంప్లేట్' అని రాసి ఉంది. దగ్గరికి వెళ్లి చూశాను. మూలన నా చేప అలాగే ఉంది, తోకను కొంచెం తుప్పు తినేసింది. అప్పటిదాకా నేను ఏం మాట్లాడాలో ఖాయం చేసుకోలేదు. నిందించాలా, ఏడవాలా, తిట్టి లేచి రావాలా అని దారంతా ఆలోచించాను. చేపను చూశాక అవేవీ అక్కర్లేదనిపించింది.

జోయెల్ ఎక్కడినుంచో పాత రెండు సిలిండర్ల బండి ఒకటి తెచ్చి, మెరిసేలా చేసి వేదిక ముందు నిలబెట్టాడు. మామ పూలదండతో కూర్చున్నాడు. జుట్టు నెరిసినా దువ్వెన గీత చెదరలేదు. వేసుకున్నది తెల్ల ప్యాంటే. నన్ను మాట్లాడమన్నారు. లేచి, మైకు పక్కకు జరిపి, "నేనేం చెప్పను, మామ చేతనే చూపిద్దాం. మామా, ఈ పిల్లలు ఆముదం బండి ఎన్నడు చూడలే. చలికాలం పొద్దుగాల బండి చేతికిచ్చే ముందు ఏం చేసేటోళ్లమో జర చూపియ్యరాదు," అన్నాను.

మామ ముఖం వెలిగిపోయింది. దండ తీసి కుర్చీ మీద వేసి, వేదిక దిగి వచ్చాడు. పిల్లలు ఫోన్లు పైకెత్తారు. "అవ్, గదే అసలు కిటుకు. చూడున్రి," అని హ్యాండిల్ పట్టుకుని, ట్యాంకును తొడకు ఆనించుకుని, బండిని ఇటు వంచాడు, అటు వంచాడు. వయసు మీద పడ్డా ఒడుపు పోలేదు. "గిట్ల ఊపాలె. రాత్రి చలికి ఆముదం అడుక్కు దిగుతది. ఊపకుండ ఇచ్చినవనుకో, ఇంజన్‌కి ఉత్త పెట్రోలే పోతది. జోరుగ తోలంగనే పిస్టన్ పట్టుకుంటది. మనిషి పడతడు, కాళ్లు చేతులు ఇరుగుతయ్. గంత పని చేసేటోడు మెకానికే కాదు."

"నీకెవరు నేర్పిన్రు తాతా?" అని వెనకనుంచి ఒక పిల్లాడు అడిగాడు.

"మా బావ," అన్నాడు మామ, ఊపుతున్న ఊపులో. అని, నా వైపు చూశాడు. బండి ఆగింది.

"మరి కాంట్రాక్టరు వెంకటయ్యకు బండి ఇచ్చిన పొద్దు ఊపినవా మామా?" అని అడిగాను. గొంతు పెంచలేదు. ఫోన్లన్నీ ఇంకా పైకే ఉన్నాయి. మామ తెల్ల ప్యాంటు మీద, తొడ దగ్గర, ట్యాంకు కిందినుంచి కారిన నూనె నల్లగా అంటుకుని ఉంది. అతను దాన్ని చేత్తో కప్పుకున్నాడు.

"ఏ పొద్దు తాతా? ఎవరా కాంట్రాక్టరు?" అన్నాడు జోయెల్.

"గిప్పుడెందుకు బిడ్డా అయన్నీ," అన్నాడు మామ నాతో, నాకొక్కదానికే వినపడేలా.

"చెప్పు మామా, పిల్లలు అడుగుతున్నరు," అని, ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీని అతనికి ఎదురుగా లాక్కుని కూర్చున్నాను. నాకు తొందరేమీ లేదు.